మొక్క ఎండితే మాజీ, కేసు పడితే నేత

తెలంగాణలో సర్పంచ్ పదవి పోగొట్టుకోవడానికి అన్నిటికంటే దగ్గరి దారి, మొక్కకు నీళ్లు పోయకపోవడం. 2018 పంచాయతీరాజ్ చట్టం ఈ సంగతి ఖరాఖండీగా చెప్పింది. ఊళ్లో నాటిన మొక్కల్లో నూటికి 85 బతికి తీరాలి. లేకపోతే సర్పంచ్ పదవికీ, పంచాయతీ కార్యదర్శి కొలువుకూ గండమే. అంటే పదిహేను మొక్కలు ఎండితే అది సూర్యుడి ఖాతా, పదహారోది ఎండితే సర్పంచ్ ఖాతా. మే నెలలో రామగుండం ఎండ రుచి చూసినవాళ్లకు ఈ లెక్కలోని మజా వేరే చెప్పక్కర్లేదు. హరితహారం పథకం రోజుల్లో మా వైపు సర్పంచులు ట్యాంకర్ల వెనక పరుగెత్తింది పచ్చదనం మీద మోజుతో అనుకునేరు. నోటీసు భయంతో.

రెండో దారి, 2025 దాకా, మూడో బిడ్డ. 1995 మే 31 తర్వాత మూడో సంతానం కలిగితే పంచాయతీ పోటీకే పనికిరారన్న నిబంధన ముప్పై ఏళ్లు నడిచింది. 2025 చివర్లో, ఎన్నికల ముంగిట, దాన్ని ఎత్తేశారు. అప్పటిదాకా నామినేషన్ల పరిశీలన రోజు వచ్చిందంటే పిల్లల పుట్టిన తేదీల మీదే పెద్ద పంచాయితీ. బడి రిజిస్టర్‌లో ఒక తేదీ, ఆధార్ కార్డులో ఇంకో తేదీ, అమ్మమ్మ నోట్లో మరో తేదీ. అధికారి మూడూ విని తల పట్టుకునేవాడు.

మరి మూడు క్రిమినల్ కేసులుంటే? అబ్బే, అది పదవి పోయే దారి కాదు. చాలాసార్లు పదవి వచ్చే దారి.

నమ్మకం కుదరకపోతే చట్టంలో 37వ సెక్షన్ చదవండి. కలెక్టర్‌కు సర్పంచ్‌ను సస్పెండ్ చేసే, తొలగించే అధికారం ఇచ్చింది అదే. నిధులు మింగితే, ఆదేశాలు ధిక్కరిస్తే, హోదాను అడ్డం పెట్టుకుంటే, పని ఎగ్గొడితే వేటు. అన్నీ కుర్చీలో కూర్చుని చేసే తప్పులే. కుర్చీలోంచి లేచి, కండువా సర్దుకుని, బయటికి పోయి చేసేవాటి సంగతి కోర్టు శిక్ష వేసినప్పుడు చూసుకుందామని వదిలేశారు. 2018కి ముందటి పాత చట్టం రోజులైతే మరీ మేలు. కలెక్టర్ పొద్దున సస్పెండ్ చేస్తే సాయంత్రం మంత్రిగారి పేషీ నుంచి స్టే దిగేది.

మొక్కలు, కేసులు ఒకేచోట కలిసిన రోజు ఒకటుంది. 2019 జూన్ 30, ఆదివారం. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని కాగజ్‌నగర్ మండలం సార్సాల. కాళేశ్వరం ప్రాజెక్టు కింద పోయిన అడవికి బదులుగా ఇక్కడ అడవి పెంచాలని అటవీశాఖ వాళ్లు ట్రాక్టర్లు వేసుకుని, పోలీసు బందోబస్తు పెట్టుకుని నేల దున్నడానికి వెళ్లారు. ఎఫ్‌ఆర్‌వో అనిత ట్రాక్టర్ ఎక్కి నిలబడ్డారు. చుట్టూ మూగిన గుంపు పెద్ద పెద్ద కర్రలతో ఆమెను కొట్టింది. పోలీసులు పక్కనే ఉన్నారు. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో సాయంత్రానికల్లా దేశమంతా తిరిగింది. గుంపుకు ముందు నిలిచారన్న ఆరోపణ మీద అరెస్టయిన కోనేరు కృష్ణ అప్పుడే జడ్పీ వైస్ చైర్మన్‌గా ఎన్నికైన మనిషి, స్థానిక ఎమ్మెల్యే కోనప్పకు తమ్ముడు. పోడు రైతుల భూములు గుంజుకుంటుంటే అడ్డుపడ్డామన్నది ఆ పక్షం మాట. పోడు గోస చిన్నది కాదు, దాన్ని నేను కొట్టిపారేయను. కర్ర ఎవరిది, తప్పెవరిది అన్నది తేల్చాల్సింది కోర్టు.

నా గొడవ వేరే. ఆ వారం సస్పెన్షన్ల పట్టిక ఒక్కసారి చూడండి. దాడి కేసులో అరెస్టయింది జడ్పీ వైస్ చైర్మన్. సస్పెండయింది కాగజ్‌నగర్ డీఎస్పీ, రూరల్ సీఐ. దాడి ఆపలేకపోయారని. కొట్టారన్నవాళ్లకు సస్పెన్షన్ లేదు, చూస్తూ నిలబడ్డవాళ్లకు ఉంది. పోలీసుల మీద వేటు తప్పని నేననను, ఒంటి మీద ఖాకీ వేసుకుని ఊరికే నిలబడితే వేటు పడాల్సిందే. వైస్ చైర్మన్ విషయంలో మాత్రం ప్రభుత్వం చేతిలో ఏ తాళమూ లేదు. ఆయనంతట ఆయన రాజీనామా లేఖ పంపించారు. రాజీనామా అనేది సస్పెన్షన్‌కు పట్టుపంచె కట్టించినట్టుంటుంది. గౌరవంగా వెళ్తారు, గౌరవంగా తిరిగి రావడానికి తలుపు తీసి పెట్టుకుంటారు.

అదే జడ్పీ ఆఫీసులో టీ అందించే అటెండర్‌ను ఊహించుకోండి. ఆయన మీద ఏదో కేసు పడి 48 గంటలు దాటి కస్టడీలో ఉన్నాడనుకోండి. ప్రభుత్వోద్యోగుల నిబంధనల ప్రకారం సస్పెండయినట్టే లెక్క. ఎవరూ కోపం తెచ్చుకోనక్కర్లేదు, ఎవరూ వీడియో చూడనక్కర్లేదు. గడియారం చాలు. పంచాయతీ కార్యదర్శికీ అంతే, జూనియర్ అసిస్టెంటుకూ అంతే, కలెక్టర్‌కూ అంతే. ఓటేసి గెలిపించుకున్నవాళ్లకు మాత్రం ఆ గడియారం పనిచేయదు. వాళ్లకు వేరే గడియారముంది. దాని పేరు బెయిల్.

బెయిల్ దొరికిన రోజు మా దగ్గర ఎట్లుంటదో చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. జైలు గేటు ముందు పదకొండింటికే డప్పులు దిగుతాయి. బండ్ల మీద వచ్చిన పిల్లలకు పెట్రోలు డబ్బులు ముందే ముట్టాయి. బంతిపూల దండ ఎంత లావంటే, మెడలో వేశాక నాయకుడు కనబడడు, దండే చేతులు జోడిస్తుంది. ఊరి మొదట్లో ఫ్లెక్సీ: కడిగిన ముత్యంలా బయటికి వచ్చిన మా అన్నకు ఘన స్వాగతం. కేసు ఇంకా మొదటి వాయిదాకే రాలేదు, ముత్యం మాత్రం కడగడం అయిపోయింది. ఫ్లెక్సీ కింది వరుసలో ఇరవై ముప్పై చిన్న ఫొటోలు. వాళ్లే వచ్చే ఎన్నికల వార్డు మెంబర్లు.

ఇదంతా జనానికి తెలియక జరుగుతుందా అంటే, అదీ లేదు. పోటీ చేసే ప్రతి మనిషీ తన మీదున్న కేసులు, తనకున్న ఆస్తులు అఫిడవిట్‌లో రాసివ్వాలి. దాన్ని నోటీసు బోర్డుకు అంటిస్తారు. జనం గుమికూడి చదువుతారు కూడా. అయితే వేలు కేసుల గడి మీద ఆగదు. సక్కగా ఆస్తుల గడికి పోతుంది. రోడ్డు పక్క రెండెకరాలు రాసిండా లేదా? బామ్మర్ది పేరు మీదున్న జేసీబీ చూపించిండా? ఎన్ని గుంటలు దాచిండు? కేసులదేముంది, కొట్లాడేటోనికి కేసులుండవా అని ఒకాయన తీర్పు చెప్పేస్తాడు. ఇందులో సగం నిజం లేకపోలేదు. తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్ల మీదా కేసులే, ఇసుక లారీకి అడ్డం నిలబడ్డవాళ్ల మీదా కేసులే, ఆ లారీ యజమాని మీదా కేసే. గడి ఒక్కటే కాబట్టి అందరూ అందులోనే ఒదిగిపోతారు.

పైగా సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు. కాబట్టి ‘పార్టీ నుంచి సస్పెండ్ చేశాం’ అన్న ఆ చివరి పరదా కూడా ఊళ్లో పనికిరాదు. ఎమ్మెల్యే స్థాయి నాయకుడికైతే ఆ సౌకర్యముంది. టీవీలో వీడియో వస్తే సాయంత్రం సస్పెండ్, టీవీలోంచి వీడియో పోయాక ఒక మంచి ముహూర్తంలో కండువా.

అయితే మందేమిటి? కేసు పడగానే సస్పెండ్ చేసెయ్యడమా? నేనూ ఆవేశంలో మా కాక ముందు అదే అన్నాను. కాక ఒకప్పుడు వార్డు మెంబరు. చట్టం మీద గౌరవం ఉన్నవాడు, చట్టం చేతిలో ఉన్నవాళ్ల మీద లేదు.

‘ఎఫ్ఐఆర్ కాంగనే కుర్చీల కెళ్లి లేపాలె కాకా’ అన్నాను.

‘లేపు తమ్మీ. పొద్దుగాల సర్పంచ్ పొద్దుగూకెవరకు మాజీ అయితడు.’

‘తప్పు చెయ్యనోనికి భయమెందుకు?’

‘తప్పెవడు అడిగిండు నిన్ను? చెక్కు మీద రెండో సంతకం ఉప సర్పంచ్‌ది గదా. పెట్టయ్యా అంటె వారం దినాలు తిప్పుతడు. ఈయనకు కోపమొచ్చి నాలుగు మాటలంటడు. గాయిన ఠాణాకు పోతడు. దరఖాస్తు రాసెటోడు ఠాణా ముంగట్నే కూసుంటడు, నువ్వు గాలి తాకిందంటె గొంతు పిసికిండని రాస్తడు. పై నుంచి ఒక్క ఫోను. అయిపాయె. సర్పంచ్ సస్పెండు, ఇన్‌చార్జి ఎవలు?’

‘ఉప సర్పంచ్.’

‘నువ్వు చదువుకున్నోనివి, జెల్దినె సమజైంది’ అని కాక టీ గ్లాసు కింద పెట్టాడు.

కాక మాటకు సాక్ష్యం కావాలంటే కరీంనగర్ దాటి పోనక్కర్లేదు. 2022 జనవరిలో ఉద్యోగుల బదిలీల జీవో మీద దీక్షకు కూర్చున్న ఎంపీ బండి సంజయ్‌ను పోలీసులు అరెస్టు చేస్తే, కోర్టు 14 రోజుల రిమాండ్ వేసింది. మూడో రోజో నాలుగో రోజో హైకోర్టు వదిలేయమంది. 2023 ఏప్రిల్‌లో పదో తరగతి హిందీ పేపర్ కేసులో అర్ధరాత్రి మళ్లీ తీసుకుపోయారు, మళ్లీ బెయిల్, మళ్లీ కరీంనగర్ జైలు గేటు ముందు జనం. అప్పుడు రాష్ట్రంలో ఉన్నది కేసీఆర్ ప్రభుత్వం. ఆ ప్రభుత్వం పోయింది, కాంగ్రెస్ వచ్చింది. 2025 జనవరిలో ఇదే కరీంనగర్ కలెక్టరేట్లో, మంత్రుల ఎదుట, హుజూరాబాద్ ఎమ్మెల్యే కౌశిక్‌రెడ్డికీ జగిత్యాల ఎమ్మెల్యే సంజయ్‌కుమార్‌కూ మాటా మాటా పెరిగింది. నీది ఏ పార్టీ అన్నది వివాదం. మర్నాడు కౌశిక్‌రెడ్డి అరెస్టు, సంక్రాంతి పూట బెయిల్. కండువాల రంగు మారింది, జీపు రంగు మారలేదు. ఈ అరెస్టులన్నీ తప్పని గానీ ఒప్పని గానీ నేననడం లేదు. ఎఫ్ఐఆర్ ఒక్కటే కొలతగా పెడితే, రాష్ట్రంలో ఎవరు ప్రజాప్రతినిధిగా ఉండాలో ఎస్సై గారు నిర్ణయిస్తారు. ఎస్సై గారు ఎక్కడుండాలో ఎమ్మెల్యే గారు నిర్ణయిస్తారు. ఇంక ఎన్నికల సంఘమెందుకు, దాని ఖర్చెందుకు?

ఎఫ్ఐఆర్‌కూ శిక్షకూ నడుమ ఇంకో మెట్టుందని చాలామంది మరిచిపోతారు. జడ్జి పోలీసుల కాగితాలు చూసి, రెండు పక్షాల వాదన విని, ఇందులో విచారించదగ్గ విషయముందని అభియోగాలు ఖరారు చేసే మెట్టు. అక్కడ పోలీసు మాట ఒక్కటే చెల్లదు, పై ఫోను పనిచేయదు, కనీసం పనిచేయకూడదు. అయిదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఆ మెట్టు దాటినవాళ్లను పోటీ నుంచి పక్కన పెట్టమని లా కమిషన్ 2014లో తన 244వ నివేదికలో చెప్పింది. ఎన్నికల ముందు కావాలని కేసు పెట్టించే తెలివిగలవాళ్లకు అడ్డుకట్టగా ఏడాది గడువూ సూచించింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు, ఎంపీలు, ఎమ్మెల్యేల మీద అభియోగాలు ఖరారయితే ఏడాదిలో విచారణ ముగించాలని ఆదేశించింది. 2013లో లిలీ థామస్ కేసులో, శిక్ష పడ్డాక కూడా అప్పీలు పేరుతో కుర్చీ పట్టుకుని వేలాడే వెసులుబాటును కొట్టేసింది కూడా ఆ కోర్టే. 2018 సెప్టెంబరులో మాత్రం, అభియోగాలతోనే అనర్హులను చేసే పని మాది కాదు, పార్లమెంటుది అని చేతులు కడుక్కుంది. పార్లమెంటు తన చేతులు అసలు తడుపుకోలేదు.

‘కోర్టుల్లో తేలాలంటే ఏళ్లు పడుతుంది’ అనేది అందరి దగ్గరా ఉండే మాట. పడుతుంది, నిజమే. వేములవాడనే తీసుకోండి. అక్కడిది నేరం కేసు కాదు, పౌరసత్వం కేసు. చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడన్న ఫిర్యాదు 2009 ఎన్నికలప్పటి నుంచి ఉంది. ఆయన 2009లో గెలిచారు, 2010 ఉప ఎన్నికలో గెలిచారు, 2014లో, 2018లోనూ గెలిచారు. అవును, ఆయన జర్మనీ పౌరుడే అని హైకోర్టు తేల్చి 30 లక్షల రూపాయల జరిమానా వేసింది 2024 డిసెంబరులో. అప్పటికి ఆయన మాజీ అయి ఏడాది. సస్పెండ్ చేయడానికి ఏ కుర్చీ మిగల్లేదు.

ఆదిలాబాద్ అదే హైకోర్టు నీడలో ఉంది గానీ, అక్కడ ఇంకో లెక్క జరిగింది. 2020 డిసెంబరులో తాటిగూడలో పిల్లల క్రికెట్ గొడవ పెద్దలదాకా వచ్చింది. మున్సిపాలిటీ మాజీ వైస్ చైర్మన్, మజ్లిస్ జిల్లా అధ్యక్షుడు ఫారూఖ్ అహ్మద్ లైసెన్సు తుపాకీ తీసి కాల్చాడు. గాయపడ్డవాళ్లలో ఒకరు చనిపోయారు. 2022 జనవరిలో ఆదిలాబాద్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఏడాది నిండి నెల. అంటే తలుచుకుంటే అవుతుందన్నమాట. ఇక్కడ వీడియో ఉంది, సాక్షులున్నారు, పోలీసులు కదిలారు, కోర్టు కదిలింది. తలుచుకోవడమే అన్ని కేసుల్లో జరగదు.

అమెరికాలో మన పిల్లలున్న చోట ఇంకో ఏర్పాటుంది. అక్కడ కౌంటీ పోలీసు పెద్దను, షెరిఫ్‌ను, జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. 2025 జూన్‌లో ఫ్లోరిడాలోని ఓసియోలా కౌంటీ షెరిఫ్ మార్కోస్ లోపెజ్‌ను అక్రమ జూదం దందాలో చెయ్యి ఉందన్న అభియోగం మీద అరెస్టు చేశారు. గవర్నర్ వెంటనే సస్పెండ్ చేశాడు. ఆ రాష్ట్ర రాజ్యాంగమే గవర్నర్‌కు ఆ అధికారమిచ్చింది, తొలగించాలా తిరిగి కూర్చోబెట్టాలా అన్నది మాత్రం సెనేట్ చేతిలో పెట్టింది. జూదం కేసులో పోలీసు పెద్దా అని ఆశ్చర్యపోకండి. పేకాట క్లబ్బు ఎవరిదో కనుక్కోవడానికి మన దగ్గర ఎవరూ గవర్నర్‌దాకా పోరు.

మనకు ఎన్నికైన షెరిఫ్ లేడు. ఒకప్పుడు పోలీసు పటేల్ ఉండేవాడు. మాలీ పటేల్‌ది శిస్తు, పట్వారీది లెక్క, పోలీసు పటేల్‌ది ఊరి మీద పెత్తనం. తండ్రి పోతే కొడుకు, ఓటూ లేదు, సస్పెన్షనూ లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1980లలో ఆ వ్యవస్థను ఎత్తేసింది. పటేల్ పోయాడు గానీ పటేల్ కూర్చున్న గద్దె ఖాళీగా లేదు. జగిత్యాల, నిర్మల్ వైపు పోతే గ్రామాభివృద్ధి కమిటీలు కనబడతాయి. బెల్టు షాపు వేలం పాడేది వాళ్లే, మాట వినని ఇంటికి జరిమానా వేసేది వాళ్లే, ఆ ఇంటితో మాట్లాడితే ఇంత అని డప్పు చాటించేది వాళ్లే. వాళ్లను ఎవరూ ఎన్నుకోలేదు కాబట్టి ఎవరూ సస్పెండ్ చేయలేరు. సర్పంచ్ ఒక్కోసారి ఆ కమిటీకి భయపడతాడు, ఒక్కోసారి ఆ కమిటీలోనే కూర్చుంటాడు.

మన ప్రభుత్వాలకు సస్పెన్షన్ చేతకాదని మాత్రం అనొద్దు. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దగ్గర దగ్గర రెండేళ్లు పన్నెండు వేలకు పైగా పంచాయతీలను ప్రత్యేకాధికారులు నడిపారు. ఒక ఊళ్లో ఒక కేసున్న సర్పంచ్‌ను పక్కన పెట్టడానికి చట్టం ఒప్పుకోదు గానీ, రాష్ట్రంలో మొత్తం సర్పంచుల వ్యవస్థనే మూలన పెట్టడానికి ఏ అడ్డంకీ లేకపోయింది. నేరమున్నవాడు, లేనివాడు అన్న తేడా అసలే లేదు. ఇంతకంటే సమన్యాయం ఎక్కడుంది?

ఇప్పుడు ఢిల్లీ నుంచి కొత్త మందొకటి వస్తోంది. 2025 ఆగస్టు 20న అమిత్ షా లోక్‌సభలో పెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు. అయిదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరంలో వరసగా 30 రోజులు కస్టడీలో ఉంటే ప్రధాని అయినా, ముఖ్యమంత్రి అయినా, మంత్రి అయినా 31వ రోజు పదవి పోతుంది. బిల్లు పెట్టిన హోంశాఖలోనే సహాయ మంత్రి మన కరీంనగర్ ఎంపీ బండి సంజయ్. అరెస్టు ఎంత సులువో, బెయిల్ ఎంత గింజుకుంటే వస్తుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అనుభవం బిల్లులో ఎక్కడా కనబడదు. ఎందుకంటే ఈ కొలత మళ్లీ కస్టడీయే. జడ్జి అభియోగం ఖరారు చేశాడా లేదా అన్నది లెక్కలో లేదు. బెయిల్ దొరకనివ్వకుండా ముప్పై రోజులు లాగగలిగినవాడిదే రాజ్యం.

నా మాట సూటిగా చెప్తాను. ఎఫ్ఐఆర్ మీద ఎవరినీ సస్పెండ్ చేయకండి. పెద్ద నేరంలో జడ్జి అభియోగాలు ఖరారు చేసిన రోజు మాత్రం సర్పంచ్ అయినా, జడ్పీ చైర్మన్ అయినా పక్కకు తప్పుకోవాలి. కలెక్టర్ దయ, మంత్రి స్టే అక్కర్లేకుండా, అటెండర్‌కు పనిచేసే గడియారమే పనిచేయాలి. విచారణ ఏడాదిలో తేలకపోతే కుర్చీ తిరిగి ఇచ్చెయ్యాలి, తేల్చనిది ఆయన తప్పు కాదు గనుక. నిర్దోషి అయితే అదే రోజు.

130వ సవరణ బిల్లులో ప్రధాని ఉన్నారు, ముఖ్యమంత్రులున్నారు, మంత్రులున్నారు. సర్పంచ్ లేడు, ఎంపీపీ లేడు, జడ్పీ చైర్మన్ లేడు, మేయర్ లేడు. వాళ్ల కోసం పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. పంచాయతీరాజ్ చట్టం రాష్ట్రానిది, రాసేది హైదరాబాద్‌లో మన ఎమ్మెల్యేలు. మీ ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు ఈ ఒక్క సెక్షన్ సంగతి అడగండి. అడిగే ముందు ఆయన అఫిడవిట్‌లో కేసుల గడి చదివి వెళ్లండి.